నాస్తికుని ప్రశ్నయు క్రైస్తవుని బాధ్యతయు

రాయపూరు నగరము పేరు న్యాయశాస్త్ర విద్యార్థులకు ఒక వ్యాజ్యము మూలమున పరిచితమై యున్నది. 1968లో నాటి మధ్యప్రదేశ్ శాసనసభ చేసిన ధర్మస్వాతంత్ర్య చట్టము కోరిన రీతిని మతాంతరీకరణములను అధికారులకు తెలుపలేదని రాయపూరు క్రైస్తవ గురువు రెవరెండ్ స్టేనిస్లాస్ గారిపై అభియోగము రాగా, ఆయన ఆ చట్టము చెల్లుబాటునే ప్రశ్నించి హైకోర్టునకును, అటుపిమ్మట సుప్రీంకోర్టునకును పోయిరి. 1977 జనవరి 17వ తేదీన ప్రధాన న్యాయమూర్తి ఏ.ఎన్. రే గారి ధర్మాసనము, రాజ్యాంగములోని 25వ అధికరణము పౌరునకిచ్చినది తన మతసిద్ధాంతములను వివరించి వ్యాపింపజేసికొను హక్కే గాని అన్యుని తన మతములోనికి మార్చు హక్కు కాదని తీర్పు చెప్పెను. ఈ తీర్పును తలచి నిట్టూర్చు క్రైస్తవులు నేటికిని కలరు. నాకును దానిపై సందేహములు లేకపోలేదు, ఏలయన ఒకని హృదయమును మరియొకడు మార్చుట ఎట్లు సాధ్యమో నాకు ఎన్నడును బోధపడలేదు. అయినను న్యాయస్థానము మనకు మిగిల్చినది ఏమియో చూచినవారు మనలో అరుదు. తన సిద్ధాంతమును వివరించు స్వేచ్ఛ మనకు మిగిలినది. ఆ స్వేచ్ఛను వినియోగించుకొనువాడు కారణములు చెప్పవలెను, ఎదుటివాడు వేయు ప్రశ్నలకు నిలువవలెను. ఎదుటివారిలో మిక్కిలి కఠినుడు నాస్తికుడు గనుక, అతని యెదుట నోరు పెగలని క్రైస్తవుడు తనకు మిగిలిన హక్కును తానే చేజేతుల వదలుకొనుచున్నాడు.

ఈ మాట రాయపూరు తెలుగు క్రైస్తవులకు మరింత వర్తించును. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై తూర్పు తీరమునుండి వచ్చినవారి సంతతియు, భిలాయి ఉక్కు కర్మాగారమునకై వచ్చినవారి సంతతియు ఈ ప్రాంతమున స్థిరపడినవి. ఆ కర్మాగారమునకు సాంకేతిక సాహాయ్యము చేసినది నిరీశ్వరవాదమును రాజ్యధర్మముగా బోధించిన సోవియట్ దేశమే యగుటయు, అందు చెమటోడ్చిన తెలుగు క్రైస్తవుడు ఆదివారపు ఆరాధనను మానకుండుటయు చరిత్రలోని చిన్న వినోదములలో నొకటి. ఆ తాతలకు రానట్టి ప్రశ్నలు నేడు మనుమలకు వచ్చుచున్నవి. ఇంజనీరింగు, వైద్య కళాశాలలలో చదువుకొనుచు, 2006లో వెలువడిన రిచర్డ్ డాకిన్స్ గారి గ్రంథమును, అంతకు పూర్వము 1927లో బెర్ట్రాండ్ రస్సెల్ తాను క్రైస్తవుడు కాకుండుటకు హేతువులు చెప్పుచు లండనులో నిచ్చిన ఉపన్యాసమును చదివి, ఇంటికి వచ్చి అడుగు బిడ్డకు మన పెద్దలలో పలువురిచ్చు సమాధానము ఒక్కటే: అటువంటివి అడుగరాదు, ప్రార్థన చేసికొనుము. ఈ సమాధానము వలన సంఘమునకు కలిగిన నష్టము నాస్తికుల గ్రంథములన్నిటి వలనను కలుగలేదని నా నమ్మకము. అసలు నాస్తికుడను పేరు వినగానే ఉలికిపడుట క్రైస్తవునికి తగదు. రోమను సామ్రాజ్యమున మన పూర్వులకు వేసిన నిందయే అది. ఊరి దేవతలకు మ్రొక్కనివారు గనుక వారిని దేవుడు లేనివారనిరి. స్ముర్నా పురపు వృద్ధ బిషప్ పోలికార్పును రెండవ శతాబ్దిలో చంపునపుడు అధికారి కోరినది నాస్తికులు తొలగిపోవుదురు గాక యని పలుకుమనియే, ఆ నాస్తికులనగా క్రైస్తవులే. ఆ శతాబ్దివాడే యైన జస్టిన్, మీ దేవతల విషయమున మేము నాస్తికులమే యని దాపరికము లేకుండ ఒప్పుకొనెను.

తెలుగునాట నాస్తికత్వమునకు శిఖరప్రాయులు గోరా గారు. 1902లో గంజాము జిల్లా ఛత్రపురమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన గోపరాజు రామచంద్రరావు గారు వృక్షశాస్త్రమున పట్టము పొంది, పలు కళాశాలలలో బోధించి, తమ నిరీశ్వర భావముల కారణమున కాకినాడలోను మచిలీపట్నములోను ఉద్యోగములు పోగొట్టుకొని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని విజయవాడకు తరలించిరి. తొలినాళ్ళలో మదుర అమెరికన్ కళాశాలలో పనిచేయుచుండగా, క్రైస్తవమును స్వీకరించినచో పైచదువులకు అమెరికా పంపుదుమన్న ప్రతిపాదనను ఆయన త్రోసిపుచ్చిరని వారి జీవితకథ చెప్పుచున్నది. క్రైస్తవుడనై యుండియు ఈ విషయమున నేను గోరా గారి పక్షమే. పట్టమునకు బదులుగా బాప్తిస్మమడుగుట బేరమే గాని సువార్త కాదు.

గోరా గారు తార్కికుల సూక్ష్మవాదములపై అంతగా ఆధారపడలేదు. ఆయన ఆక్షేపము మన నేలనుండి పుట్టినది. దైవమును నమ్మినవాడు తన బాధ్యతను ఆ దైవముపై మోపి మనసున బానిస యగుననియు, అంటరానితనమును, దారిద్ర్యమును వ్రాతఫలమని తలవంచి భరించుననియు, దేవుడు లేడని తెలిసికొన్నవాడే తన కాళ్ళపై లేచి లోకమును సరిదిద్దుననియు వారి వాదము. ఈ వాదమును ఆయన నోటితో చెప్పి ఊరుకొనలేదు. హరిజనవాడలలో మెలగెను, సహపంక్తి భోజనములు నడిపెను, కుమార్తెను దళిత యువకునికిచ్చి పెండ్లిచేసెను. ఆ వివాహము గాంధీజీ సమక్షమున జరుగవలసియుండగా ఆయన హత్య జరిగినందున 1948 మార్చిలో సేవాగ్రామమున వారు లేకయే జరిగినది. 1944లో మొదలైన గాంధీజీ, గోరా గార్ల సంభాషణలు 1951లో గ్రంథముగా వెలువడినవి. అందు గాంధీజీ, తన ఆస్తికతయే సరియనిగాని గోరా నాస్తికత తప్పనిగాని తాను చెప్పజాలనని, ఉభయులును సత్యాన్వేషకులమే యని భావించినట్లు కనుపించును. నాస్తికుడు నీతిమంతుడు కాజాలడని వాదించు క్రైస్తవోపదేశకుడు ముందుగా గోరా గారి జీవితమును చదువవలెను. చదివిన పిమ్మట ఆ వాదమును మరల చేయడు.

మరి గోరా గారి ఆక్షేపమునకు సమాధానమేమి? దేవుని నమ్మిన ప్రతివాడును విధికి దాసుడగునను మాట తెలుగు క్రైస్తవుల చరిత్రకు సరిపోదు. యోహాను సువార్తలో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, వీని పాపమా, తల్లిదండ్రుల పాపమా యని అడుగగా యేసు ఆ రెండు కారణములను తిరస్కరించి, ఆ మనుష్యునికి చూపునిచ్చు పనికి పూనుకొనెను. బాధను వెనుకటి దోషమునకు కూలిగా లెక్కకట్టు ఆలోచనను అంత స్పష్టముగా త్రోసివేసిన ఘట్టము విన్న మాదిగపల్లెలలో ఏమి జరిగినది? యర్రగుంట్ల పెరయ్య యను తోళ్ళ వ్యాపారి, అంతకు పూర్వమే యోగసాధనలలో గురువునొద్ద దేవుని వెదకినవాడు, 1866లో ఒంగోలు ప్రాంతమున బాప్తిస్మము పొంది, తన కులమువారి యిండ్లలో తానే బోధకుడాయెను. తలవంచి భరించువాడు అట్లు ఊరూర తిరుగడు. చచ్చిన పశువుల మాంసము తినుట మానెదము, గ్రామదేవత కొలువులలో డప్పు వాయించుట మానెదము, ఆదివారము పనికి రాజాలమని భూస్వాముల యెదుట నిలిచి చెప్పిన ఆ మాదిగ క్రైస్తవులు, అందుకై దెబ్బలు తినిన ఆ స్త్రీపురుషులు, దేవుని నమ్మినందుననే విధిని నమ్ముట మానిరి. గోరా గారి గొడ్డలి నరుకదలచిన చెట్టు వేరు. అది మా పెరటిలోనిది కాదు.

ఇచట హేతువాది వెంటనే కరవును గుర్తుచేయును. 1876నుండి 1878వరకు దక్షిణదేశమును క్షామము దహించుచుండగా ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము పని గుత్తకు తీసికొని వేలమంది పేదలకు కూలి దొరకునట్లు చేసెను. ఆ తరువాత 1878 జూలై 3వ తేదీన వెలంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూటికొరకు కొన్న మతమిది యనుటకు ఇంతకంటె సాక్ష్యమేల యందురు. అయితే క్షామము నడచుచున్నంత కాలము క్లౌ బాప్తిస్మమిచ్చుట నిలిపివేసెను, అడిగినవారిని త్రిప్పిపంపెను, సాహాయ్య కార్యములు ముగిసి, ఇక చేతిలో పెట్టుటకేమియు లేనప్పుడు ఆ జనులు వచ్చిరి. ఇది తెలిసినవాడు ఆక్షేపమును కొంత మార్చుకొని, వారు మున్ముందు బడిని, గౌరవమును ఆశించి వచ్చిరనును. అది నిజమే కావచ్చును. తన బిడ్డకు అక్షరమును, తనకొక పేరును కోరుట ఏనాటినుండి నీచకాంక్ష యైనదో నాకు తెలియదు. అగ్రహారీకుడు గౌరవమును కోరినచో ఆత్మాభిమానమనియు, మాదిగ కోరినచో ప్రలోభమనియు పేరుపెట్టు న్యాయమును హేతువాదులైనను విడిచిపెట్టవలదా?

మన లోపమును కూడ దాచిపెట్టరాదు. బాప్తిస్మపు నీటిలో కులము కరుగవలసియుండగా అది సమాధులతోటలోనికి, పెండ్లి సంబంధములలోనికి మనతో వచ్చినది. మాలలకొక గుడి, మాదిగలకొక గుడి, అగ్రకులమునుండి వచ్చినవారికి ముందు వరుస కేటాయించిన సంఘములు తెలుగునాట నేటికిని కలవు. 1895లో వినుకొండ క్రైస్తవ కుటుంబమున జన్మించిన కవి గుఱ్ఱం జాషువ గారు అంటరానివాడని సవర్ణులచేతను, పురాణకథలు వ్రాయువాడని సాటి క్రైస్తవులచేతను ఉభయత్ర నిరసింపబడిరి; తరువాత ఆయన రచించిన క్రీస్తు చరిత్రమునకే 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆయన కుమార్తె హేమలత గారు 1960లో గోరా గారి కుమారుడు లవణం గారిని వివాహమాడి, నాస్తిక కేంద్రములో కోడలై, నిజామాబాదు జిల్లాలో జోగినీ దురాచారముపై పోరాడిరి. క్రీస్తు చరిత్రమును వ్రాసిన కవి బిడ్డకు మన సంఘములలో దొరకని పని నాస్తికుల యింట దొరకినదేమో యని మనము ఆలోచింపవలసియున్నది. ఇది క్రైస్తవమునకు వ్యతిరేకముగా నిలుచు వాదము కాదు, క్రైస్తవులమైన మనకు వ్యతిరేకముగా నిలుచు వాదము. రెంటికిని భేదము గలదు, అయినను ఆ భేదము వెనుక మనము దాగుకొనరాదు.

దేవుడనునది మానవుని కోరికల ప్రతిబింబమని జర్మను తత్త్వవేత్త ఫాయర్‌బాక్, అది తండ్రిని కోరు శిశువు కలయని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చెప్పిన వాదమునకు ఎక్కువ స్థలమీయనక్కరలేదు. ఒకడు ఒక విషయమును ఎందుకు నమ్మెనో చెప్పినంతమాత్రమున అది అబద్ధమని తేలదు. పైగా తనపై తీర్పరి లేకుండవలెనను కోరికయు మనుష్యునికి గలదు గనుక ఆ కత్తికి రెండంచులు.

విజ్ఞానశాస్త్రము విశ్వాసమును త్రోసివేసినదను మాట అంతకంటె జనప్రియమైనది. గోరా గారు విద్యార్థులకు బోధించిన వృక్షశాస్త్రమున ఆనువంశికతా సూత్రములను బఠాణీ మొక్కలలో కనుగొని 1866లో ప్రకటించిన గ్రెగర్ మెండెల్, బ్ర్నో నగరపు మఠములో సన్న్యాసి, తరువాత మఠాధిపతి. విశ్వము వ్యాకోచించుచున్నదని 1927లో గణితమున చూపి, 1931లో దాని ఆరంభమును ఆదిమాణువు రూపమున ఊహించిన జార్జ్ లెమేత్ర్, బెల్జియము దేశపు కతోలిక గురువు. వీరి పేర్లు చెప్పి శాస్త్రజ్ఞులందరు మనవారేయని చప్పట్లు కొట్టుట నా యుద్దేశము కాదు. 1951లో పన్నెండవ పయస్ పోపు, విశ్వారంభ సిద్ధాంతము సృష్టిని సమర్థించుచున్నదన్న ధోరణిలో మాటలాడగా, దానికి సంతోషింపక కలతచెందినవాడు లెమేత్రే. నేటి సిద్ధాంతము రేపు మారవచ్చును, దానిపై దేవునికి గుడి కట్టరాదని ఆయన మతము. మన వేదికలపై ప్రతి కొత్త ఆవిష్కరణమును బైబిలులో ముందే వ్రాయబడినదని చాటు ఉపదేశకులు ఈ గురువు నిగ్రహమును కొంత నేర్చుకొనినచో ఎంత బాగుండును! శాస్త్రము ప్రకృతి ఎట్లు నడచునో చెప్పును. అసలు ప్రకృతి యొకటి ఏల ఉన్నది, అది మానవబుద్ధికి గణితభాషలో లొంగునట్లు ఏల ఉన్నది అను ప్రశ్న శాస్త్రమునకు ముందునది. 1948లో బి.బి.సి. రేడియోలో జెసూట్ తత్త్వవేత్త కొప్లెస్టన్ ఈ ప్రశ్ననే వేయగా రస్సెల్, విశ్వమున్నది, అంతే, దానికి కారణమడుగ పనిలేదనెను. అట్లైన దేవుని ఎవరు సృజించిరని నాస్తికులు ఎదురు ప్రశ్న వేయుదురు. ఉన్నదానికెల్ల కారణము గలదని ఆస్తికుడు చెప్పలేదు, ఉండకపోవుటకును వీలుగల వస్తువునకు కారణము వలెననియే చెప్పుచున్నాడు. ఈ వాదముతో ఎవ్వడును మోకరిల్లడని నేనెరుగుదును. అయినను, అడుగరాదని బిడ్డ నోరు నొక్కు మన సంఘపెద్దయు, అడుగ పనిలేదని కొప్లెస్టనును నిలిపివేసిన రస్సెలును ఆ ఒక్క ఘట్టమున ఒకే బల్లపై కూర్చున్నారనుట నాస్తిక మిత్రులకు చెప్పవలసిన మాట.

ఇక క్రైస్తవము కేవలము తత్త్వవాదము కాదు. అది ఒక కాలమున, ఒక ఊరిలో జరిగినదన్న వృత్తాంతముపై నిలిచినది. తిబెరి చక్రవర్తి కాలమున పిలాతు అధికారి క్రీస్తును చంపించెనని క్రైస్తవద్వేషియైన రోమను చరిత్రకారుడు టాసిటస్ రెండవ శతాబ్ది ఆరంభమున వ్రాసెను. తనను తాను అజ్ఞేయవాదిగా చెప్పుకొను బార్ట్ ఎర్మన్ వంటి పండితుడు కూడ యేసు చారిత్రక పురుషుడు కాడను వాదమును ఖండించి 2012లో గ్రంథమే వ్రాసెను. పునరుత్థానమును చరిత్రకారుడు రుజువు చేయజాలడు. అయితే సిలువ తరువాత ఇంచుమించు ఇరువదియైదేండ్లకే పౌలు కొరింథీయులకు వ్రాయుచు, అది జరుగనిచో మన విశ్వాసము వట్టిదే యని తేల్చిచెప్పెను. తన మతము కూలుటకు ఏది చాలునో తానే చూపిన బోధకుడు ప్రశ్నకు భయపడినవాడు కాడు.

బాధను గూర్చిన ఆక్షేపము వేరు. ఇది నాస్తికుని వాదములలో గొప్పది, బహుశః ఏకైకమైన గొప్పది. స్టేనిస్లాస్ తీర్పు వచ్చిన 1977వ సంవత్సరముననే నవంబరు 19వ తేదీన కృష్ణా జిల్లాలోని దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలాది ప్రాణములను ఒక్కరాత్రిలో మ్రింగినది. శవములను కుప్పలుగా దహనము చేయవలసివచ్చిన ఆ దినములలో పనిచేసిన వారిలో నాస్తిక కేంద్రమువారును, క్రైస్తవ సంఘములవారును ఉండిరి. సర్వశక్తుడును దయామయుడునైన దేవుడుండగా పాలుతాగు పసికందులేల మునిగిరి? మానవుని స్వేచ్ఛ వలన చెడుగు కలుగుననుట హిట్లరునకు వర్తించును గాని తుపానునకు వర్తింపదు. ప్రకృతినియమములు నిలుకడగా లేనిచో బుద్ధిజీవనమే అసాధ్యమనుట కొంత నిజము, అయితే బిడ్డను పోగొట్టుకొన్న దివిసీమలోని నాగాయలంక తల్లికి ఆ మాట చెప్పుటకు ఎవ్వనికి నోరు వచ్చును? యోబు గ్రంథములో దేవుని పక్షమున చక్కగా వాదించి, బాధకు కారణములు చూపిన మిత్రులను దేవుడే మందలించి, కోపముతో ప్రశ్నించిన యోబును మెచ్చుకొనెనను విషయము మన ఉపదేశకులు మరచుచుందురు. కావున ఈ ప్రశ్నకు నా చేత పూర్తి సమాధానము లేదు. నాకు గలది రెండు మాటలు. దివిసీమ దృశ్యము కేవలము గాలియు నీరును తమ నియమముల ప్రకారము చేసిన చలనమే యైనచో, అది జరుగరాదని మన గుండెలో లేచు మొరకు లోకమున సంబోధ్యుడెవడును లేడు. ఆ మొరకు అర్థమున్నదని నాస్తికుడును ఆస్తికుని వలెనే బ్రతుకుచున్నాడు. రెండవది, క్రైస్తవుడు మ్రొక్కు దేవుడు బాధను దూరమునుండి చూచినవాడు కాడు. నన్నేల విడిచితివని సిలువపై మొరపెట్టినవానినే మేము ప్రభువందుము. ఇది వివరణము కాదని నాస్తికుడు అనును. కాదు. అయినను ఆ రాత్రి గడిచిన తరువాత దహనక్రియలకు పోవుటకు మా వారికి కాళ్ళలో బలమిచ్చినది ఇదే.

ఈ చర్చకు ఛత్తీస్‌గఢ్‌లో ఒక ప్రత్యేక సందర్భము గలదు. స్త్రీని టోన్హీ యని, అనగా మంత్రగత్తె యని, ముద్రవేసి హింసించుటను నిషేధించుచు ఈ రాష్ట్రము 2005లో చట్టము చేసినది. రాయపూరులోని అంధశ్రద్ధా నిర్మూలన కార్యకర్తలు పల్లెపల్లెకు పోయి ఆ దురాచారముపై బోధించుచున్నారు. వారిలో దేవుని నమ్మనివారు ఉండవచ్చును, అందుచేత వారి పనికి తోడ్పడుటకు మనకు అడ్డమేమి? అదే సమయమున చంగాయి సభలు, అనగా స్వస్థత సభలు, అను పేరున గుడారములు వేసి, మందులు మానుమని రోగులకు చెప్పి, సాక్ష్యములను కాసులుగా మార్చుకొను బోధకులను చూచినప్పుడు, ఆ పల్లెవారి దృష్టిలో క్రీస్తును మంత్రగాని పక్కన నిలుపుచున్నది నాస్తికుడా, ఈ బోధకుడా యని అడుగవలసి వచ్చును. రోగికొరకు ప్రార్థించుట మన ధర్మము; రోగిని ఎయిమ్స్‌కు పంపుటయు మన ధర్మమే. ఒక విమర్శకుడు అట్టి సభపై ఫిర్యాదు చేసినచో దానిని మతద్వేషమని కేక వేయుటకు ముందు ఫిర్యాదు నిజమో కాదో విచారించుట మంచిది.

ప్రశ్నించు యువకునితో ఎట్లు మెలగవలెనో తెలుపు జ్ఞాపకమొకటి ఈ ఊరికే గలదు. 1877లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఎడ్లబండిపై కొండదారిన రాయపూరు వచ్చి రెండేండ్లపాటు ఇచటనుండిన నరేంద్రనాథ దత్తుని, అనగా పిమ్మటి స్వామి వివేకానందుని, ఈ నగరము నేటికిని అభిమానముతో తలచుచున్నది. విమానాశ్రయమునకు, బూఢా తాలాబు చెరువునకు ఆయన పేరే. త్రోవలో కొండచీలికయందు వ్రేలాడు పెద్ద తేనెపట్టును చూచి సృష్టికర్తను తలచి తన్మయుడైన ఆ బాలుడే, కలకత్తా పోయి హెర్బర్ట్ స్పెన్సరును చదివి, దేవుని చూచినవారెవరని కనబడిన పెద్దనెల్ల అడుగు సంశయవాది యాయెను. అతడు చదివిన క్రైస్తవ కళాశాల ప్రధానాచార్యుడు విలియం హేస్టీ, స్కాట్లండు మిషనరీ, వర్డ్స్‌వర్త్ కవిత్వమును బోధించుచు, అట్టి తన్మయతను కన్నులార చూడగోరినచో దక్షిణేశ్వరమునకు పోయి రామకృష్ణుని చూడుమని విద్యార్థులకు చెప్పెను. ఆ కుర్రవాడు క్రైస్తవుడు కాలేదు. ఆ మాట చెప్పినందులకు హేస్టీ దొరను తప్పుపట్టు క్రైస్తవులు ఉందురు. నాకు మాత్రము, ప్రశ్నించు విద్యార్థుల నోరు నొక్కక త్రోవ చూపినందున, ఆయన మన గురువులలో ఉత్తముడుగా కనుపించును.

కావున రాయపూరులోని తెలుగు సంఘములకు నా సూచన ఇది. నెలకొక ఆదివారము, ఆరాధన ముగిసిన పిమ్మట, పాటలు లేకుండ, కానుకల సంచి త్రిప్పకుండ, ఒక గంటసేపు ప్రశ్నల కూటము నడపుడు. కళాశాల విద్యార్థులు వచ్చి తమ సందేహములను పేరు చెప్పియో చెప్పకయో వ్రాసి యిత్తురు. హేతువాదులను కూడ పిలువుడు, వారిని మాటలాడనిండు, వారు ముగించువరకు మధ్యలో ప్రార్థన మొదలుపెట్టవలదు. సమాధానము తెలియనిచో తెలియదని చెప్పి మరుసటి నెలకు చదివి రండు. ఇట్లు చేసినచో పిల్లలు విశ్వాసమును విడుతురని కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పుచున్నారు. విడిచిన పిల్లలు ఇప్పటికే వెనుక బల్లనుండి లేచి పోయినారని, వారిని ఒక్క ప్రశ్నయైనను అడుగక మనము పోనిచ్చితిమని వారికి నా ప్రత్యుత్తరము. మొదటి కూటమునకు దివిసీమ విషయమునే ఎన్నుకొనుడు; దానికి మన యొద్ద సిద్ధమైన జవాబు లేదు గనుక.